పోలీసు నిధులు, ప్రాధాన్యాలు, పనితీరుపై స్థానిక పర్యవేక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ వీధుల్లో గస్తీ తిరగాలి, ఏ రకం ఫిర్యాదుకు ముందు కదలాలి, ఈ ఏడాది వాహనాలు కొనాలా, దర్యాప్తు అధికారులను పెంచాలా? పోలీసు శాఖలో ఇలాంటి నిర్ణయాలు ఏడాది పొడవునా జరుగుతుంటాయి. వాటి మంచిచెడులు అనుభవించేది ఆ ప్రాంతంలో నివసించే జనం. ఎందుకిలా చేశారని అడిగే వీలు మాత్రం వారికి చాలా తక్కువ. ఆ వీలును ఏయే చోట్ల ఎలా కల్పించారు, కల్పించాక ఏమైంది, ఎక్కడ తప్పటడుగులు పడ్డాయి అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. సొంత అభిప్రాయం చెప్పిన చోట అది అభిప్రాయమని తెలిసేలా చెప్పాను.

స్థానిక పర్యవేక్షణ అంటే ఏమిటి? ఫిర్యాదుల సంస్థ లాంటిదేనా?

కాదు. ఫలానా రోజున ఫలానా అధికారి చేయి చేసుకున్నాడా, లంచం అడిగాడా అని విచారించేది ఫిర్యాదుల సంస్థ. పర్యవేక్షణ సంఘం చూడాల్సినవి వేరు. శాఖకు ఎంత డబ్బు వస్తోంది, ఎటు పోతోంది? ఈ ఏడాది దేనికి పెద్దపీట వేయాలి? వేస్తామన్నది నిజంగా వేశారా, ఫలితం కనిపించిందా?

ఒకే స్టేషన్ మీద ఒకే రకం ఫిర్యాదులు మళ్లీ మళ్లీ వస్తుంటే ఈ రెండు పనులూ ఒకచోట కలుస్తాయి. తప్పు చేసిన అధికారిని గుర్తించడం మొదటి సంస్థ బాధ్యత. ఆ స్టేషన్‌లో శిక్షణ లోపించిందా, సిబ్బంది చాలడం లేదా, అజమాయిషీ కొరవడిందా అని తేల్చి దానికి డబ్బు, గడువు కేటాయించడం రెండోదాని బాధ్యత. ఉత్తర ఐర్లండ్‌లో ఈ రెండూ విడివిడిగా ఉన్నాయి. ఫిర్యాదులు పోలీసు అంబుడ్స్‌మన్ అనే స్వతంత్ర విచారణాధికారికి వెళ్తాయి, బడ్జెట్, ప్రణాళిక, పనితీరు పోలీసింగ్ బోర్డు ముందుకు వస్తాయి.

పై అధికారులు, ప్రభుత్వం, కోర్టులు ఉన్నాయి కదా. మళ్లీ స్థానికంగా మరొక సంఘం ఎందుకు?

పై నుంచి చూసేవారికి మొత్తం లెక్క కనిపిస్తుంది. ఆ లెక్కలో ఏ పేటకు అన్యాయం జరిగిందో అక్కడ బతికేవారికి తెలుస్తుంది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ శివార్లలోని ఖయెలిత్షా అనుభవం ఇందుకు నిదర్శనం. అక్కడ పోలీసు వ్యవస్థ దేశం మొత్తానికి ఒకటే. అయితే పోలీసుల పనితీరును గమనించే అధికారాన్ని, అవసరమైతే విచారణ సంఘం వేసే అధికారాన్ని రాజ్యాంగం ప్రావిన్సులకు ఇచ్చింది. స్థానిక సంఘాలు పట్టుబట్టగా, కేప్‌టౌన్ ఉన్న వెస్టర్న్ కేప్ ప్రావిన్సు ప్రభుత్వం 2012లో విచారణ సంఘం వేసింది. దాన్ని ఆపాలని పోలీసు మంత్రి రాజ్యాంగ న్యాయస్థానం వరకు వెళ్లి ఓడిపోయారు.

2014లో వచ్చిన నివేదిక బయటపెట్టిన విషయం చదివితే బాధ కలుగుతుంది. హత్యలు ఎక్కువగా జరిగే పేద ప్రాంతాల్లోనే జనాభాతో పోలిస్తే పోలీసుల సంఖ్య బాగా తక్కువగా ఉంది. సిబ్బందిని పంచే పద్ధతే అలా తయారై ఉంది. ఫలానా పేటను గాలికి వదిలేయండని ఎవరూ ఆదేశించి ఉండకపోవచ్చు. ఒక సూత్రం ప్రకారం ఏటా పంపకం జరిగిపోయింది, ఆ సూత్రాన్ని తెరిచి చూసినవారు లేరు. 2018 డిసెంబరులో సమానత్వ న్యాయస్థానం ఈ కేటాయింపు జాతి పరంగా, పేదరికం పరంగా వివక్ష అని తీర్పు చెప్పింది. కింద నుంచి ప్రశ్న రాకపోయి ఉంటే ఆ సూత్రం ఇంకెన్నాళ్లు సాగేదో.

ఇతర దేశాల్లో ఈ ఏర్పాట్లు ఎలా ఉన్నాయి?

ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2011 నాటి చట్టం ప్రకారం చాలా ప్రాంతాల్లో పోలీసు, నేర కమిషనర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. స్థానిక బడ్జెట్, ఇంటి పన్నులో పోలీసు వాటా, ప్రాధాన్యాల ప్రణాళిక, చీఫ్ కానిస్టేబుల్ (ఆ ప్రాంత పోలీసు అధిపతి) నియామకం, తొలగింపు అన్నీ ఆ ఒక్కరి చేతిలో ఉంటాయి. ఆ కమిషనర్‌ను ప్రశ్నించడానికి స్థానిక కౌన్సిలర్లతో, ఇద్దరు స్వతంత్ర సభ్యులతో ఒక ప్యానెల్ ఉంటుంది. మూడింట రెండు వంతుల మెజారిటీ ఉంటే పన్ను ప్రతిపాదనను ప్యానెల్ తిప్పి పంపగలదు.

ఉత్తర ఐర్లండ్‌లో పోలీసు సంస్కరణలపై 1999లో వచ్చిన ప్యాటన్ నివేదిక తర్వాత 2001లో పోలీసింగ్ బోర్డు ఏర్పడింది. అందులో 19 మంది సభ్యులు. పది మంది శాసనసభ నుంచి పార్టీల బలాన్ని బట్టి వస్తారు, తొమ్మిది మంది స్వతంత్రులు. దశాబ్దాల హింసతో రెండుగా చీలిన సమాజంలో రెండు వర్గాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని చీఫ్ కానిస్టేబుల్‌ను నిలదీసే ఏర్పాటు అది. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఈ నమూనాయే.

జపాన్‌లో ప్రతి ప్రిఫెక్చర్‌కూ (రాష్ట్రం లాంటి పాలనా విభాగం) ప్రజా భద్రతా కమిషన్ ఉంటుంది. గవర్నర్ స్థానిక సభ సమ్మతితో సభ్యులను నియమిస్తారు. గత ఐదేళ్లలో పోలీసుగానో ప్రాసిక్యూటర్‌గానో పని చేసినవారు సభ్యులు కాలేరు. కెనడాలోని ఒంటారియోలో పోలీసు బోర్డులు ఉన్నాయి. నగర కౌన్సిల్ మొత్తం బడ్జెట్ ఎంతో తేల్చవచ్చు గానీ అందులోని ఒక్కో పద్దును కొట్టేసే అధికారం దానికి లేదు, ఆ పని బోర్డుది. అమెరికాలో ఏ ఊరి పద్ధతి ఆ ఊరిది. మిల్వాకీలో పౌర కమిషన్ 1885 నుంచి ఉంది. అంత పాత సంస్థకు కూడా విధానాలు రూపొందించే అధికారాన్ని 2023లో రాష్ట్ర చట్టం తీసేసింది. ఇచ్చిన అధికారాలు వెనక్కి కూడా పోతాయని అందరూ గుర్తుంచుకోవాలి.

పర్యవేక్షకులను ఎన్నుకోవడం మేలా, నియమించడం మేలా?

ఎన్నిక అనగానే ప్రజల మద్దతు దానంతట అదే వస్తుందనుకుంటాం. 2012 నవంబరు 15న ఇంగ్లండ్, వేల్స్‌లో మొదటిసారి కమిషనర్ల ఎన్నిక జరిగినప్పుడు ఓటు వేసింది సుమారు 15 శాతం మంది. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఒక పోలింగ్ కేంద్రం రోజంతా తెరిచి ఉంచితే ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఆ గదిలో పెట్టె ముందు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చున్న సిబ్బందిని ఊహించుకోండి. చలికాలం కావడం, అభ్యర్థుల గురించి ఇంటింటికీ సమాచారం అందకపోవడం, ఈ పదవి ఏమిటో జనానికి తెలియకపోవడం అందుకు కారణాలుగా చెప్పారు. చివరికి 2025 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం ఈ పదవులను 2028 మేలో రద్దు చేసి, ఆ బాధ్యతలను మేయర్లకు, మేయర్లు లేని చోట స్థానిక బోర్డులకు అప్పగిస్తామని ప్రకటించింది.

దీన్ని బట్టి ఎన్నిక వృథా అనను. షికాగో మరో దారి తొక్కింది. అక్కడ 22 పోలీసు జిల్లాలకు తలా ముగ్గురు చొప్పున 66 మందిని 2023 ఫిబ్రవరిలో ఎన్నుకున్నారు. నగరమంతటికీ ఒక్క పెద్ద పేరును కాకుండా, సొంత పేటలో అడిగితే చిరునామా దొరికే మనిషిని ఎన్నుకుంటున్నారన్నమాట. నగర స్థాయి కమిషన్‌కు పేర్లు సూచించేది కూడా ఈ జిల్లా మండళ్లే.

నా అభిప్రాయంలో ఎన్నికా, నియామకమా అన్నదానికన్నా ముఖ్యమైనవి మూడున్నాయి. సభ్యుడిని మధ్యలో ఇష్టం వచ్చినట్లు తీసేయగలరా? అడిగిన కాగితం ఇవ్వక తప్పదని చట్టంలో ఉందా? సంఘానికి సొంతంగా ఒక లెక్కల మనిషి, ఒక న్యాయ సలహాదారు ఉన్నారా? ఇవి లేకపోతే ఎన్నికైనవారు కూడా పోలీసు శాఖ ఇచ్చిన నివేదిక మీద సంతకం చేసేవారిగానే మిగిలిపోతారు.

పోలీసులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అది తెలిస్తే ఏం ప్రయోజనం?

చాలా చోట్ల డబ్బు ఇచ్చేవారి మాటే చివరికి చెల్లుతుంది కాబట్టి ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఇంగ్లండ్, వేల్స్‌లో కొంత కేంద్ర గ్రాంటుగా, కొంత స్థానిక ఇంటి పన్ను వాటాగా వస్తుంది. ఆ నిష్పత్తి అన్ని చోట్లా ఒకటి కాదు. సర్రే పోలీసు నిధుల్లో సగానికి పైగా ఇంటి పన్ను నుంచే వస్తుంది, నార్తంబ్రియాలో ఆ వాటా బాగా తక్కువ. గ్రాంటు కోసినప్పుడు ఇంటి పన్ను ఎక్కువ వచ్చే ప్రాంతం తట్టుకోగలుగుతుంది. గ్రాంటు మీదే ఆధారపడిన ప్రాంతం సిబ్బందిని తగ్గించుకోవాల్సి వస్తుంది.

డబ్బు ఒకరిది, పెత్తనం మరొకరిది అయితే ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీని చూడాలి. అక్కడి పోలీసు బోర్డు సభ్యుల్లో మేయర్ తప్ప మిగతావారిని గవర్నర్ నియమిస్తారు. ఖర్చు మాత్రం నగరం భరిస్తుంది. నగర సాధారణ రాబడిలో పోలీసులకు ఇవ్వాల్సిన కనీస వాటాను 20 నుంచి 25 శాతానికి పెంచడానికి వీలిచ్చే రాజ్యాంగ సవరణపై 2022లో రాష్ట్రమంతా ఓటు వేసింది. ఓటర్ల ముందు పెట్టిన ఖర్చు వివరణ తప్పుదారి పట్టించేలా ఉందని రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఫలితాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టులో మళ్లీ ఓటింగ్ పెడితే సవరణ మళ్లీ నెగ్గింది. నాలుగో వంతు ముందే కట్టేశాక ఆ నగరవాసులు తమ బడ్జెట్ గురించి మాట్లాడుకోవడానికి మిగిలే చోటు ఎంత?

బడ్జెట్ పుస్తకం చేతికి వచ్చింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మొత్తం పెరిగిందా, తగ్గిందా అన్న చోట ఆగిపోకండి. పోలీసు ఖర్చులో చాలా భాగం జీతభత్యాలే. కాబట్టి మొదట మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని అన్న పట్టిక అడగండి. వంద పోస్టులకు జీతాలు కేటాయించి ఎనభై మందే పనిలో ఉంటే, మిగిలిన ఇరవై మంది జీతం ఎటు మళ్లిందో చూడాలి. తరచుగా అది ఓవర్‌టైమ్‌లోకి పోతుంది. ఉన్న ఎనభై మందే అదనపు గంటలు పని చేసి అలసిపోతారు. అలసిన మనిషి చేతిలో లాఠీ ఉంటే ఏం జరుగుతుందో, నిద్ర లేని దర్యాప్తు అధికారి రాసే కేసు డైరీ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఓవర్‌టైమ్ పద్దు ఏటా అంచనాను దాటుతుంటే అక్కడ ప్రణాళిక లేదని అర్థం.

తర్వాత మూడు అంకెలను పక్కపక్కన పెట్టండి. ఏడాది మొదట వేసిన అంచనా, మధ్యలో సవరించిన అంచనా, చివరికి అయిన అసలు ఖర్చు. శాఖ మనసులో ఏముందో ఈ మూడింటి మధ్య తేడాలో బయటపడుతుంది. మహిళా సహాయ విభాగానికి కేటాయించింది ఖర్చు కాకుండా మిగిలిపోయి, వాహనాల పద్దు రెండింతలైందనుకోండి. ప్రాధాన్యం మహిళా భద్రతకేనని ముందుమాటలో ఎంత గొప్పగా రాసినా నమ్మనక్కర్లేదు.

ఇక పుస్తకంలో కనిపించని డబ్బు. అమెరికాలో జప్తు చేసిన ఆస్తుల వాటా, సైన్యం నుంచి వచ్చే మిగులు సామగ్రి స్థానిక సభ ఓటు వేసే బడ్జెట్‌కు బయటే పోలీసుల చేతికి చేరిన సందర్భాలు అనేకం. పోలీసుల తప్పులకు చెల్లించే నష్టపరిహారం చాలా నగరాల్లో పోలీసు పద్దులో పడదు, నగర సాధారణ నిధి నుంచి పోతుంది. అప్పుడు తప్పు ఖరీదు శాఖకు తెలియదు. విరాళాలు, దాతలు ఇచ్చిన కెమెరాలు, ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒక జాబితాగా అడగండి. ఉచితంగా వచ్చినదానికి రెండో ఏడాది నుంచి నిర్వహణ ఖర్చు మొదలవుతుంది.

జరిమానాల సొమ్ముతో శాఖను నడిపితే ప్రజలపై భారం తగ్గదా?

తగ్గదు, మారు రూపంలో మరింత క్రూరంగా పడుతుంది. మిస్సోరిలోనే ఉన్న ఫెర్గూసన్ అనే చిన్న పట్టణంపై అమెరికా న్యాయశాఖ 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. అందులో 2010 నాటి ఒక లేఖ ఉంది. పట్టణ ఆర్థికాధికారి పోలీసు చీఫ్‌కు రాసినది. ఏడాది ముగిసేలోగా జరిమానా టికెట్లు రాయడం బాగా పెరగకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెంచడం కష్టమని, అమ్మకపు పన్ను రాబడి తగ్గనున్నందున ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదని దాని సారాంశం. నేరం గురించి గానీ, రోడ్డు ప్రమాదాల గురించి గానీ అందులో ఆలోచన లేదు. ఉన్నది రాబడి గురించిన చింత ఒక్కటే. ఆ భారం ఎక్కువగా మోసింది అక్కడి నల్లజాతి పేదలు. ఒక చిన్న ఉల్లంఘనకు జరిమానా కట్టలేకపోతే వాయిదాకు రాలేదని మరో జరిమానా, ఆపైన వారెంటు.

ఇక్కడ మనం దాటవేయకూడని సంగతి ఒకటుంది. ఆ ఒత్తిడి తెచ్చింది స్థానిక పాలకులే. స్థానిక పర్యవేక్షణ ఉంటే చాలు, అంతా బాగుపడుతుందని అనుకునేవారు ఈ నివేదికను మరవకూడదు. అందుకే జరిమానాల రాబడి పోలీసు బడ్జెట్‌తో గానీ, అధికారుల పదోన్నతితో గానీ ముడిపడకూడదని ముందే నియమం రాసుకోవాలి.

ప్రాధాన్యాలను ప్రజలు నిర్ణయించగలరా? అది నిపుణుల పని కాదా?

ఏ సమస్య ముందు అన్నది ప్రజలు చెప్పగలరు. దానికి ఏ మందు పని చేస్తుందన్నది రుజువులు చెప్పాలి. ఈ తేడా తెలియకపోతే ప్రతి సమావేశం చివరికి గస్తీ పెంచండి అన్న ఒక్క డిమాండ్‌తో ముగుస్తుంది.

కాన్సస్ సిటీలో 1972, 73 సంవత్సరాల్లో ఒక ప్రయోగం చేశారు. 15 బీట్లను (గస్తీ ప్రాంతాలను) ఐదేసి చొప్పున మూడు గుంపులు చేశారు. మొదటి ఐదింటిలో మామూలు గస్తీ పూర్తిగా ఆపేశారు, ఎవరైనా పిలిస్తేనే కారు వెళ్లేది. రెండో ఐదింటిలో ఎప్పటిలాగే వదిలేశారు. మూడో ఐదింటిలో గస్తీని రెండు మూడు రెట్లు పెంచారు. ఏడాది గడిచాక చూస్తే నేరాల్లో గానీ, జనం భయంలో గానీ, పోలీసులపై సంతృప్తిలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. గస్తీ కార్ల సంఖ్య మారిన సంగతి చాలామంది గమనించనే లేదు. వీధుల వెంట కారులో ఊరికే తిరగడానికి పోసే డబ్బు గురించి 1974లో అచ్చయిన ఆ నివేదిక లేవనెత్తిన సందేహం ఇప్పటికీ చెల్లుతుంది.

దానికి జోడీగా అమెరికాలోని మినియాపొలిస్ నగరపు లెక్క చూడండి. 1989లో అచ్చయిన పరిశోధన ప్రకారం నగరంలోని సుమారు 3 శాతం చిరునామాల నుంచే పోలీసులకు వచ్చే పిలుపుల్లో సగం వస్తున్నాయి. కాబట్టి గస్తీ ఎంత అని కాక, ఏ మూలన, ఏ వేళలో, అక్కడికి వెళ్లి ఏం చేస్తారు అని అడగాలి.

ప్రజల మాట వినడంలోనూ ఒక చిక్కుంది. సమావేశానికి వచ్చేవారు తీరిక ఉన్నవారు, మాట్లాడటం అలవాటైనవారు. వాహనాల మోత గురించి, పార్కింగ్ గురించి గట్టిగా అడుగుతారు. ఇంట్లో దెబ్బలు తినే మహిళ ఆ సభలో లేచి నిలబడదు. రాత్రి షిఫ్టుకు వెళ్లే కూలీ రాడు. పోలీసులంటే భయపడే యువకుడు ఆ చుట్టుపక్కలకే రాడు. వారి దగ్గరకు సంఘమే వెళ్లాలి. ఆసుపత్రి అత్యవసర విభాగంలో, పాఠశాలల్లో, ఆశ్రయ గృహాల్లో విన్నది కూడా ప్రణాళికలో ఒక అధ్యాయం కావాలి.

ఇదంతా పోలీసుల పనిలో జోక్యం కాదా?

ఫలానా వ్యక్తిని అరెస్టు చేయండి, ఫలానా కేసు మూసేయండి అని చెప్పడం జోక్యం. అది ఏ పర్యవేక్షకుడూ చేయకూడదు, చేస్తే పదవి పోవాలి. అందులో రెండో మాట లేదు.

అయితే నేను గమనించినంతలో పర్యవేక్షణ విఫలమైన చోట్ల ఎక్కువసార్లు కారణం జోక్యం ఎక్కువవడం కాదు. ఇది ఆపరేషన్ వ్యవహారం, మనం అడగకూడదేమో అని నోరు మూసుకోవడం. 2010 జూన్‌లో టొరంటోలో జీ20 శిఖరాగ్ర సమావేశం జరిగింది. నిరసనల సమయంలో 1,100 మందికి పైగా జనాన్ని పోలీసులు నిర్బంధించారు. చాలామందిపై ఆ తర్వాత ఏ కేసూ నిలవలేదు. దీనిపై విశ్రాంత న్యాయమూర్తి జాన్ మోర్డెన్ 2012లో ఇచ్చిన నివేదిక పోలీసుల ప్రణాళిక లోపాలతో పాటు పోలీసు బోర్డునూ తప్పుబట్టింది. అంత పెద్ద బందోబస్తుకు ముందు ప్రణాళిక ఏమిటని బోర్డు అడగలేదు. ఆపరేషన్ విషయాలు తమ పరిధి కావని తప్పుగా అనుకుంది.

ఆ నివేదిక గీసిన గీత తేలికగా అర్థమవుతుంది. సమాచారం అడగవచ్చు, ఆపరేషన్ గురించి అయినా సరే. సందేహం చెప్పవచ్చు. విధానం రాయవచ్చు. నిర్దిష్టమైన ఆపరేషన్‌ను ఎలా నడపాలో మాత్రం ఆదేశించకూడదు. వెయ్యి మందిని అదుపులోకి తీసుకోవాల్సి వస్తే ఎక్కడ ఉంచుతారు, వైద్యం, నీళ్లు, న్యాయవాది సంగతేమిటి అని ముందే అడగడం జోక్యం కాదు. అడిగి ఉంటే ఆ వారాంతం వేరుగా ఉండేదని నేను నమ్ముతున్నాను.

నేరాల సంఖ్య తగ్గితే పోలీసులు బాగా పని చేసినట్లే కదా?

నమోదైన నేరాల సంఖ్య తగ్గడానికి రెండు దారులున్నాయి. నేరాలు తగ్గడం, నమోదు తగ్గడం. ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపితే అంకె అందంగా కనిపిస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీసు తనిఖీ సంస్థ 2014లో చేసిన పరిశీలనలో, పోలీసుల దృష్టికి వచ్చిన నేరాల్లో 19 శాతం నమోదే కాలేదని తేలింది. ఏడాదికి 8 లక్షలకు పైగా. లైంగిక నేరాల్లో నమోదు కానివి 26 శాతం. ధైర్యం కూడగట్టుకుని స్టేషన్ దాకా వచ్చిన ప్రతి నలుగురిలో ఒకరి మాట కాగితం మీదకు ఎక్కలేదన్నమాట. అదే ఏడాది పోలీసు నమోదు లెక్కలకు ఉన్న ‘జాతీయ గణాంకాలు’ అన్న నాణ్యతా ముద్రను తొలగించారు.

లక్ష్యాల విషయంలోనూ జాగ్రత్త పడాలి. అక్కడే 2000 దశకంలో న్యాయస్థానం దాకా తెచ్చిన నేరాల సంఖ్య పెంచాలని ఒక జాతీయ లక్ష్యం పెట్టారు. అంకె పెంచడానికి దగ్గరి దారి పెద్ద దొంగ కాదు, వీధిలో కొట్లాడుకున్న పిల్లవాడు. లక్ష్యం ఉన్నన్నాళ్లు తొలిసారి కేసుల్లో చిక్కుకున్న పిల్లల సంఖ్య పెరిగింది, ఎత్తేశాక బాగా పడిపోయింది.

మరి ఏ కొలతలు చూడాలి?

పోలీసుల రికార్డుతో సంబంధం లేకుండా ఇంటింటికీ వెళ్లి మీకేం జరిగిందని అడిగే బాధితుల సర్వే అన్నిటికన్నా నమ్మదగినది. బ్రిటన్‌లో ఇది 1982లో మొదలైంది. సర్వేలో నేరం పెరిగి, స్టేషన్ రికార్డులో తగ్గితే అడగాల్సిన ప్రశ్న దానంతట అదే దొరుకుతుంది.

అంత ఖర్చు పెట్టలేని చోట చిన్న కొలతలు చాలు. అత్యవసర పిలుపుకు చేరే సమయం, సగటు మాత్రమే కాక పేటల వారీగా. ఫిర్యాదుదారుకు కేసు ఏమైందో ఎన్ని రోజులకు చెప్పారు? ఛార్జిషీటు దాకా వచ్చి కోర్టులో కొట్టుకుపోయిన కేసులెన్ని, ఎందుకు? ఆపి సోదా చేసినవారిలో ఎంతమంది దగ్గర ఏదైనా దొరికింది? ఈ చివరి అంకె చిన్నదైతే అనుమానం కన్నా అలవాటు మీద మనుషులను ఆపుతున్నారని అర్థం. రహస్యంగా ఫోన్ చేసి ఫిర్యాదు ఎలా ఇవ్వాలని అడిగి చూసే పరీక్ష కూడా మంచిదే.

భారతదేశంలో ఈ ఏర్పాటు ఉందా?

కాగితం మీద కొంత ఉంది, స్థానికంగా దాదాపు లేదు. రాజ్యాంగంలో పోలీసు రాష్ట్రాల జాబితాలోని అంశం. పంచాయతీలకు 29, మున్సిపాలిటీలకు 18 అంశాలు ఇచ్చిన పదకొండు, పన్నెండో షెడ్యూళ్లలో పోలీసు లేదు. వీధి దీపం గురించి కౌన్సిలర్‌ను నిలదీయవచ్చు, ఆ వీధి గస్తీ గురించి అడిగే వేదిక లేదు.

పోలీసు సంస్కరణలు కోరుతూ వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలిచ్చింది. వాటిలో రాష్ట్ర భద్రతా కమిషన్ పని ఈ పేజీ విషయానికి అచ్చంగా దగ్గరిది. విధాన మార్గదర్శకాలు ఇవ్వడం, పోలీసుల పనితీరును అంచనా వేయడం, ఆ నివేదిక శాసనసభ ముందుకు తేవడం. రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ఫిర్యాదుల సంస్థలు కూడా పెట్టమంది. అమలును చూడటానికి వేసిన జస్టిస్ కె.టి. థామస్ కమిటీ రాష్ట్రాల ఉదాసీనతపై ఆవేదన వ్యక్తం చేసింది. కమిషన్ ఉన్న చోటనైనా అడగాల్సింది: అది చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, నివేదిక సభ ముందుకు వచ్చిందా? సమాచార హక్కు చట్టం కింద ఈ రెండు ప్రశ్నలూ ఎవరైనా అడగవచ్చు.

ఇలా ప్రశ్నిస్తూ పోతే పోలీసుల మనోధైర్యం దెబ్బతినదా?

ఎవరిని ఏం ప్రశ్నిస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. సిబ్బంది ఖాళీల గురించి, విశ్రాంతి గంటల గురించి, పాతబడిన వాహనాల గురించి శాఖ పెద్దలు బయటకు చెప్పలేని మాటలు పర్యవేక్షణ సంఘం చెప్పగలదు. కానిస్టేబుల్ వారపు సెలవు గురించి బహిరంగ సభలో గట్టిగా అడగగలిగేది ఆ సంఘమే. రాజకీయ ఒత్తిడితో జరిగే బదిలీలను కూడా ఎందుకని అడిగే వేదిక ఉంటే నిజాయితీపరుడైన అధికారికి అండ దొరుకుతుంది.

మా దగ్గర ఉన్నది సలహా సంఘమే, అధికారాలు లేవు. ప్రయోజనం ఉందా?

ఉంది, సలహాకు రాతపూర్వక జవాబు ఇవ్వాలన్న నియమం ఉంటే. సలహాను ఒప్పుకున్నారా, లేకపోతే కారణమేమిటి అన్నది ఇన్ని రోజుల్లో బహిరంగంగా చెప్పాలని మొదటి తీర్మానం చేయించండి. ఆ నియమం కూడా లేని సంఘంలో ఫొటోలు దిగి టీ తాగి రావడమే జరుగుతుంది. దానికన్నా ఆ సమయంలో బడ్జెట్ పుస్తకం చదవడం మేలు.

సమావేశంలో మాట్లాడటానికి రెండు నిమిషాలే ఇస్తారు. ఏం అడగాలి?

ఒక్కటే అడగండి, అంకె లేకుండా జవాబు చెప్పలేనిది అడగండి. భద్రత ఎందుకు లేదు అంటే తప్పక చర్యలు తీసుకుంటాం అన్న జవాబు వస్తుంది, మీ రెండు నిమిషాలు అయిపోతాయి. మా ప్రాంత స్టేషన్‌కు మంజూరైన పోస్టులెన్ని, ఈ రోజు విధుల్లో ఉన్నవారెందరు, మిగతావి ఏ నెలలోగా నింపుతారు అని అడిగితే తప్పించుకోవడం కష్టం. ప్రశ్నను కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. అందినట్లు సంతకం తీసుకోండి. సమావేశపు మినిట్స్‌లో మీ ప్రశ్న ఉన్నదీ లేనిదీ తర్వాత చూడండి. లేకపోతే తర్వాతి సమావేశంలో మొదట ఆ మినిట్స్‌ను సరిచేయమని అడగండి.